15 ఏళ్లప్పుడు మెలితిరిగిన వృషణం ఇప్పుడు చిన్నదైపోయింది: పిల్లలు పుట్టడానికి ఇది అడ్డమవుతుందా?

మీరు రాసినదాన్ని ముందుగా క్లుప్తంగా చెప్పుకుందాం. 15 ఏళ్ల వయసులో ఒక రాత్రి ఎడమ వృషణంలో విపరీతమైన నొప్పి వచ్చింది, ఇంట్లో చెప్పడానికి సిగ్గుపడి తెల్లవారేదాకా ఓర్చుకున్నారు, ఆపరేషన్ మొదలయ్యేసరికి సుమారు పది గంటలు దాటింది. వృషణం మెలితిరిగిందని తేల్చిన వైద్యులు మెలిక విప్పి, దాన్ని తీసివేయకుండా ఉంచి, రెండువైపులా కుట్లు వేశారు. ఇప్పుడు మీకు 27 ఏళ్లు, త్వరలో పెళ్లి, ఎడమ వృషణం కుడిదానిలో సగం కూడా లేదు. పిల్లలు పుడతారా, కుంచించుకుపోయిన ఆ వృషణం మంచిదాన్ని కూడా పాడుచేస్తుందా, దాన్ని తీయించేసుకోవాలా అన్నవి మీ ప్రశ్నలు. నీరసంగా ఉంటోందంటే జిమ్‌లో ఎవరో టెస్టోస్టిరాన్ ఇంజెక్షన్లు తీసుకోమన్నారని చివర్లో ఒక వాక్యం కూడా రాశారు. మీరు రాసిన మొత్తంలో నన్ను కంగారుపెట్టింది ఆ ఒక్క వాక్యమే.

కుడి వృషణం ఆరోగ్యంగా ఉన్నట్లయితే, మీరు సహజంగానే తండ్రి అయ్యే అవకాశం మిగతా మగవాళ్లతో దాదాపు సమానం. ఎడమదాన్ని తీయించుకోనవసరం లేదు. ఇంజెక్షన్ల జోలికి వెళ్లవద్దు. కుడిది ఆరోగ్యంగా ఉందా లేదా అన్నది మాత్రం నేను గానీ మీరు గానీ ఊహించి చెప్పగలిగేది కాదు. అది వీర్య పరీక్షతోనే తెలుస్తుంది. పెళ్లయ్యాక ఏడాదిపాటు ఎదురుచూసి అప్పుడు చేయించుకోవడం కన్నా ఇప్పుడే చేయించుకోవడం మంచిదని నా అభిప్రాయం. యూరాలజిస్టుగా నేను టార్షన్ (వృషణం ఇలా మెలితిరగడం) ఆపరేషన్లు చేస్తాను, సంతానం కోసం వచ్చే మగవాళ్లనూ చూస్తాను. కింద రాస్తున్నవి ఆ రెండు పనుల్లోనూ గమనించిన సంగతులు.

మొదట మీ ఎడమ వృషణానికి ఏమైందో చూద్దాం. వృషణం తిత్తిలో ఒక కాడకు వేలాడుతూ ఉంటుంది. ధమని, సిరలు, నరాలు, వీర్యకణాలను మోసుకెళ్లే నాళం అన్నీ ఆ కాడలోనే ఉంటాయి. మామూలుగా వృషణం వెనుకవైపున తిత్తి గోడను పట్టుకొని ఉంటుంది. కొందరికి పుట్టుకతోనే ఆ పట్టు ఉండదు, వృషణం గంటలోని నాలుకలా అటూ ఇటూ ఊగుతుంది. ఈ లోపం చాలామందిలో రెండువైపులా ఉంటుంది కాబట్టే నొప్పిలేని కుడి వృషణానికి కూడా మీ వైద్యులు కుట్లు వేశారు. కాడ మెలిపడినప్పుడు ముందుగా నొక్కుకుపోయేవి పలుచని గోడలున్న సిరలు. రక్తం లోపలికి వస్తూనే ఉంటుంది కానీ బయటికి పోదు, వృషణం ఉబ్బుతుంది, ఆ ఒత్తిడి పెరిగి చివరికి ధమని కూడా మూసుకుపోతుంది.

ఆరు గంటల్లోపు మెలిక విప్పగలిగితే నూటికి 90కి పైగా వృషణాలు దక్కుతాయి. 12 గంటల దగ్గర ఆ సంఖ్య సుమారు సగానికి పడిపోతుంది, 24 గంటలు దాటితే పదింట ఒకటి దక్కడం కూడా కష్టమే. ఇవి స్థూలమైన అంకెలు మాత్రమేనని గుర్తుంచుకోండి. ఒక చుట్టు తిరిగిన కాడకూ, రెండు చుట్లు బిగుసుకున్న కాడకూ గడువు ఒకటి కాదు. మధ్యలో తనంతట తాను కాస్త వదులై మళ్లీ బిగుసుకున్న సందర్భాల్లో పన్నెండు గంటల తర్వాత కూడా మంచి ఫలితం వచ్చిన పిల్లలున్నారు. మీ పది గంటలు ఎటూ తేల్చి చెప్పలేని మధ్య ప్రాంతంలోకి వస్తాయి.

అలాంటప్పుడు ఆపరేషన్ బల్ల దగ్గర జరిగేది ఇది. మెలిక విప్పగానే, నల్లబడిన వృషణాన్ని గోరువెచ్చని సెలైన్‌లో తడిపిన గాజుగుడ్డలో చుట్టి కాసేపు వదిలేస్తాం. ఈలోగా రెండోవైపు తెరిచి దానికి కుట్లు వేస్తాం. మళ్లీ వచ్చి గుడ్డ తొలగించి రంగు చూస్తాం. ముదురు ఊదా రంగు విరిగి గులాబీ ఛాయ కనిపిస్తే ఊపిరి పీల్చుకుంటాం. అప్పటికీ అనుమానంగా ఉంటే, వృషణాన్ని కప్పి ఉంచే తెల్లటి గట్టి పొర మీద సన్నని గాటు పెట్టి ఎర్రటి రక్తం ఊరుతుందేమో చూస్తాం. ఊరితే ఉంచుతాం, లేకపోతే తీసేస్తాం. మీకు ఊరి ఉండాలి. అయితే రక్తం తిరిగి రావడం ఒకటి, లోపలి కణాలు బతికి బట్టకట్టడం మరొకటి. వీర్యకణాలను తయారుచేసే కణాలకు ఆక్సిజన్ కొరతను తట్టుకునే శక్తి చాలా తక్కువ. పైగా ఆగిపోయిన రక్తం ఒక్కసారిగా తిరిగి ప్రవహించినప్పుడు పుట్టే ఫ్రీ రాడికల్స్ అనే హానికర అణువులు కూడా వాటిని మరికొంత దెబ్బతీస్తాయి. టెస్టోస్టిరాన్‌ను తయారుచేసే లేడిగ్ కణాలు వాటికన్నా మొండివి, ఎక్కువసేపు తట్టుకుంటాయి.

వృషణం పరిమాణంలో అధిక భాగం వీర్యకణాలు తయారయ్యే సన్నని గొట్టాలదే. అవి దెబ్బతింటే ఆ తర్వాతి నెలల్లో వృషణం నెమ్మదిగా కుంచించుకుపోతుంది. అందుకే ఆపరేషన్ అయిన మూడు నుంచి ఆరు నెలల మధ్య ఒకసారి వచ్చి చూపించుకోమని చెబుతాం. ఆపరేషన్ రోజున దక్కిందనుకున్న వృషణాల్లో కూడా కొన్ని ఆ సమయానికి చిన్నవైపోతాయి. మీ ఎడమ వృషణం విషయంలో జరిగింది ఇదే అయి ఉంటుంది. ఉన్నది ఉన్నట్లు చెప్పాలంటే, దాని నుంచి వచ్చే వీర్యకణాలు ఏమైనా ఉంటే అవి కొద్దిపాటివే. మీ ప్రశ్నకు జవాబు దాదాపు మొత్తంగా కుడి వృషణం చేతిలో ఉంది.

ఇక్కడే మీకు ఊరటనిచ్చే సంగతి ఉంది. గర్భం రావడానికి కావలసినదానికన్నా ఎన్నో రెట్లు ఎక్కువ వీర్యకణాలను ఆరోగ్యవంతుడి శరీరం తయారుచేస్తుంది, అందువల్ల ఒక్క వృషణంతో నెట్టుకురావడం కష్టమేమీ కాదు. చిన్నతనంలోనే ఒకటి పోతే మిగిలినది మామూలుకన్నా కాస్త పెద్దదిగా ఎదగడం కూడా మేం తరచుగా చూసేదే. టార్షన్ వచ్చిన మగవాళ్లను ఏళ్ల తర్వాత పరిశీలించిన అధ్యయనాల్లో రెండు విషయాలు పక్కపక్కనే కనిపిస్తాయి. వీర్యకణాల సంఖ్య, కదలిక సగటున మిగతావాళ్లకన్నా తక్కువగా ఉన్నాయని చాలా అధ్యయనాలు చెప్పాయి. మరోవైపు, పిల్లల కోసం ప్రయత్నించినవాళ్లలో ఎంతమందికి గర్భం వచ్చిందని లెక్క చూసినప్పుడు, వృషణం తీసేసినవాళ్లలోనూ ఉంచినవాళ్లలోనూ ఆ సంఖ్య సాధారణ జనాభాకు దగ్గరగానే వచ్చింది. మొదటి విషయాన్ని మాత్రమే చదివి భయపడేవాళ్లు ఎక్కువ. మీరు చదివినవాటిలో కూడా రెండోది ఉన్నట్లు లేదు.

ఈ రెండింటికీ పొత్తు ఎలా కుదురుతుందో చెప్పాలంటే వీర్య పరీక్ష రిపోర్టులోని అంకెల అర్థం తెలియాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఇచ్చిన ప్రమాణాల ప్రకారం కనీస హద్దులు ఇవి: వీర్యం పరిమాణం 1.4 మి.లీ., ఒక మి.లీ.లో వీర్యకణాలు 1.6 కోట్లు, మొత్తం వీర్యంలో 3.9 కోట్లు, కదిలేవి 42 శాతం, మొత్తం కణాల్లో ముందుకు సాగేవి 30 శాతం, సరైన ఆకారం ఉన్నవి 4 శాతం. ఈ హద్దులను ఎలా నిర్ణయించారంటే, ఏడాదిలోపు భార్యకు గర్భం వచ్చిన మగవాళ్ల వీర్యాన్ని పరీక్షించి, వాళ్లలో అట్టడుగున ఉన్న 5 శాతం మంది ఎక్కడ ఆగారో అక్కడ గీత గీశారు. అంటే ఆ గీతకు దిగువన ఉన్నవాళ్లు కూడా తండ్రులైనవాళ్లే. కాబట్టి మీ సంఖ్య రెండు వృషణాలున్న మీ స్నేహితుడి సంఖ్యలో సగమే ఉన్నా, ఆ సగం ఈ గీతకు బాగా ఎగువన ఉండే అవకాశమే ఎక్కువ.

ఇక చచ్చుబడిన వృషణం రెండోదాన్ని పాడుచేస్తుందన్న భయం గురించి. ఇది గాలిమాటేమీ కాదు, దీని వెనుక ఒక తర్కం ఉంది. వీర్యకణాలు యుక్తవయసులో మాత్రమే తయారవడం మొదలవుతాయి కాబట్టి శరీర రక్షణ వ్యవస్థ వాటిని పరాయివిగా చూసే వీలుంది. అందుకే రక్తానికీ వీర్యకణాలకూ మధ్య ఒక అడ్డుగోడ ఉంటుంది. టార్షన్‌లో ఆ గోడ దెబ్బతిని, వీర్యకణాలకు వ్యతిరేకంగా యాంటీబాడీలు తయారై, అవి కుడివైపు కూడా దాడి చేస్తాయన్నది ఆ వాదన. ఎలుకల మీద చేసిన ప్రయోగాల్లో దీనికి కొంత మద్దతు దొరికింది. మనుషుల్లో మాత్రం ఫలితాలు ఒక తీరుగా లేవు. టార్షన్ వచ్చిన చాలామందిలో అలాంటి యాంటీబాడీలు చెప్పుకోదగ్గ స్థాయిలో కనిపించలేదు. రెండోవైపు వృషణంలో లోపం కనిపించిన సందర్భాలకు మరో వివరణ కూడా ఉంది, నాకు అదే ఎక్కువ నమ్మదగినదిగా అనిపిస్తుంది. టార్షన్ ఆపరేషన్ జరుగుతున్నప్పుడే రెండో వృషణం నుంచి చిన్న ముక్క తీసి పరీక్షిస్తే, కొందరిలో వీర్యకణాల తయారీలో అప్పటికే లోపాలున్నాయని తేలింది. కొద్ది గంటల్లో ఏర్పడే లోపాలు కావవి. అంటే మెలితిరిగే గుణం, తయారీలో లోపం రెండూ కొందరికి పుట్టుకతోనే కలిసి వస్తున్నాయన్నమాట.

ఈ వాదనల్లో ఏది నిజమైనా మీకు వర్తించే ముగింపు ఒకటే. జరగాల్సిన హాని ఏదైనా ఉంటే అది ఈ పన్నెండేళ్లలో జరిగిపోయి ఉంటుంది, ఇప్పుడు ఎడమదాన్ని తీసేస్తే కుడిదానికి కొత్తగా ఒరిగేదేమీ లేదు. పూర్తిగా చచ్చిపోయిన వృషణాన్ని ఆ రోజే తీసేయాలన్న సలహా వేరు, పన్నెండేళ్లుగా నిశ్శబ్దంగా పడి ఉన్నదాన్ని తవ్వి తీయడం వేరు. పైగా అది ఎంతో కొంత టెస్టోస్టిరాన్ ఇస్తూ ఉండవచ్చు. ఎడతెగని నొప్పి ఉన్నా, చేతికి గట్టి గడ్డ తగిలినా, స్కాన్‌లో అనుమానాస్పదంగా ఏదైనా కనిపించినా అప్పుడు తీయడం గురించి ఆలోచించాలి. అందుకని ఒకసారి అల్ట్రాసౌండ్ స్కాన్ చేయించుకోండి. నెలకోసారి స్నానం చేసేటప్పుడు రెండింటినీ వేళ్లతో తడిమి చూసుకోండి.

ఇప్పుడు ఆ ఇంజెక్షన్ల సంగతి. బయటి నుంచి టెస్టోస్టిరాన్ ఇస్తే, రక్తంలో అది సరిపడా ఉందని మెదడు భావించి, వృషణాలను పనిచేయించే ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ హార్మోన్లను ఆపేస్తుంది. రక్తంలో టెస్టోస్టిరాన్ పెరుగుతుంది కానీ వృషణం లోపల పడిపోతుంది, వీర్యకణాల తయారీకి కావలసింది లోపల ఉండే టెస్టోస్టిరాన్. ఇది ఎంత బలమైన ప్రభావమంటే, వారానికి 200 మి.గ్రా. టెస్టోస్టిరాన్ ఇంజెక్షన్‌ను మగవాళ్లకు గర్భనిరోధక పద్ధతిగా పరీక్షించిన ప్రపంచ ఆరోగ్య సంస్థ అధ్యయనం 1990లోనే వెలువడింది, ఆ పరీక్షలో పాల్గొన్నవాళ్లలో ఎక్కువమంది వీర్యంలో కణాలు పూర్తిగా మాయమయ్యాయి. మానేశాక చాలామందికి తిరిగి వస్తాయి, కానీ నెలలు పడుతుంది, కొందరికి ఏడాది దాటుతుంది. నా దగ్గరికి వచ్చిన ఒకరికి చిన్నప్పుడే టార్షన్‌లో ఒక వృషణం తీసేశారు, వీర్య పరీక్షలో ఒక్క కణం కూడా కనిపించలేదు. ఆయనా, ఆయన కుటుంబమూ తప్పంతా ఆనాటి టార్షన్‌దేనని తీర్మానించుకొని వచ్చారు. ఎఫ్‌ఎస్‌హెచ్, ఎల్‌హెచ్ రెండూ దాదాపు అడుగంటి ఉండటం చూసి, ఏవైనా ఇంజెక్షన్లు తీసుకుంటున్నారా అని అడిగితే అప్పుడు బయటపడింది. మానేసి, వైద్యం తీసుకున్నాక కణాలు తిరిగి వచ్చాయి. రెండు వృషణాలు ఉన్నవాళ్లకే మంచిది కాని ప్రయోగం ఇది. ఒక్కదాని మీద ఆధారపడినవాళ్లు అసలు చేయకూడదు. మీ నీరసం నిజంగా హార్మోన్ తగ్గడం వల్లనేనా అన్నది ఉదయం పూట తీసిన రక్తంలో టెస్టోస్టిరాన్ చూస్తే తెలుస్తుంది. ఒకవేళ తక్కువగా ఉన్నా, పిల్లలు కావాలనుకునేవాళ్లకు ఇచ్చే మందులు వేరే ఉన్నాయి.

వీర్య పరీక్ష ఎలా చేయించుకోవాలో కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే నమూనా సరిగా ఇవ్వకపోవడం వల్ల వచ్చిన తక్కువ అంకెలు చూసి అనవసరంగా కుంగిపోయేవాళ్లను చాలామందిని చూశాను. అంతకుముందు రెండు రోజులకు తక్కువ కాకుండా, ఏడు రోజులకు మించకుండా వీర్యస్ఖలనం లేకుండా ఉండాలి. నమూనాను ల్యాబ్‌లోనే ఇవ్వడం మేలు. ఇంటి దగ్గర నుంచి తేవలసి వస్తే శరీరపు వెచ్చదనం తగ్గకుండా గంటలోపు అందించాలి. మొదటి చుక్కల్లోనే వీర్యకణాలు ఎక్కువగా ఉంటాయి, వాటిలో కొంత బయట పడిపోతే ఆ సంగతి ల్యాబ్‌వాళ్లకు తప్పకుండా చెప్పాలి. ఒక వీర్యకణం తయారై బయటికి రావడానికి సుమారు మూడు నెలలు పడుతుంది కాబట్టి, గత మూడు నెలల్లో తీవ్రమైన జ్వరం వచ్చి ఉంటే ఆ ప్రభావం ఈ రోజు రిపోర్టులో కనిపించవచ్చు. ఒక్క రిపోర్టు బాగా లేనంత మాత్రాన ఏ నిర్ణయానికీ రావద్దు. కొన్ని వారాల ఎడంతో మరోసారి చేయించుకోవాలి. రెండోసారీ తక్కువగా ఉంటే ఎఫ్‌ఎస్‌హెచ్, ఎల్‌హెచ్, టెస్టోస్టిరాన్ చూస్తాం. ఒక్క వృషణంతో ఉన్నవాళ్లలో ఎఫ్‌ఎస్‌హెచ్ కొద్దిగా ఎక్కువగా ఉండటం మామూలే, అది చూసి బెంబేలు పడనక్కర్లేదు. బాగా పెరిగి ఉంటే మాత్రం మిగిలిన వృషణం కష్టపడుతోందని అర్థం.

అంకెలు మామూలుగా ఉంటే ఇక చేయవలసింది ఏమీ లేదు. పెళ్లయ్యాక ఏడాదిపాటు ప్రయత్నించండి, భార్య వయసు 35 దాటి ఉంటే ఆరు నెలలు చాలు, అప్పటికీ గర్భం రాకపోతే ఇద్దరూ కలిసి వైద్యుల దగ్గరికి వెళ్లండి. ఇద్దరూ అన్న మాట నొక్కి చెబుతున్నాను. భర్తకు టార్షన్ చరిత్ర ఉందంటే ఇంట్లో అందరి చూపూ దాని మీదే నిలిచిపోతుంది. అలా వచ్చిన ఒక జంటలో భర్త వీర్య పరీక్ష ఏ లోపమూ లేకుండా ఉంది. అయినా ఏళ్ల తరబడి ఆయన రకరకాల మందులు మింగారు. చివరికి భార్యకు పరీక్షలు చేస్తే గర్భనాళాలు రెండూ మూసుకుపోయి ఉన్నాయని తేలింది.

అంకెలు తక్కువగా ఉంటే, ముందు సరిదిద్దగలిగిన కారణాల కోసం వెతుకుతాం. కుడివైపు సిరలు ఉబ్బే వేరికోసిల్ ఉందా, పొగతాగే అలవాటు ఉందా, వృషణాలకు వేడి ఎక్కువగా తగిలే పని చేస్తున్నారా, చిన్నప్పుడు గవదబిళ్లలు వచ్చి వృషణాలు వాచాయా, గజ్జల్లో హెర్నియా ఆపరేషన్ జరిగిందా అని అడుగుతాం. రెండువైపులా టార్షన్ వచ్చినవాళ్లు, పుట్టినప్పుడు వృషణాలు తిత్తిలోకి దిగనివాళ్లు, క్యాన్సర్ మందులు వాడినవాళ్లు మీకన్నా జాగ్రత్తగా ఉండవలసినవాళ్లు. సంఖ్య బాగా తక్కువగా ఉండి, ఇంకా పడిపోతుందన్న అనుమానం ఉన్నవాళ్లకు వీర్యాన్ని ద్రవ నైట్రోజన్‌లో మైనస్ 196 డిగ్రీల దగ్గర భద్రపరచుకోమని నేను ముందే సలహా ఇస్తాను. ఇక అండంలోకి ఒకే ఒక వీర్యకణాన్ని సూదితో పంపే ఇక్సీ పద్ధతి 1992 నుంచి వాడుకలో ఉంది. వీర్యంలో ఒక్క కణం కూడా లేనివాళ్లలో సైతం మైక్రోస్కోప్ కింద వృషణాన్ని తెరిచి వెతికితే కొందరికి కణాలు దొరుకుతాయి. మీకు ఇంతదాకా రాకపోవచ్చు, కానీ దారులు మూసుకుపోయి లేవని తెలిసి ఉండటం మంచిది.

దాంపత్య సుఖానికి దీనివల్ల లోటేమీ ఉండదు. అంగస్తంభన, స్ఖలనం, వీర్యం పరిమాణం మామూలుగానే ఉంటాయి, ఎందుకంటే వీర్యంలోని ద్రవంలో ఎక్కువ భాగం వృషణాల నుంచి కాక వేరే గ్రంథుల నుంచి వస్తుంది.

కుడి వృషణానికి కుట్లు పడ్డాయి కాబట్టి అది మెలితిరగడం చాలా అరుదు, కానీ అసలు జరగదని కాదు. ముఖ్యంగా కరిగిపోయే దారంతో కుట్లు వేసినవాళ్లలో అలాంటివి కనిపించాయి. ఎప్పుడైనా కుడివైపు హఠాత్తుగా నొప్పి వస్తే, వాంతి వచ్చినట్లున్నా, వృషణం పైకి లాగినట్లున్నా, అర్ధరాత్రి అయినా సరే నేరుగా అత్యవసర విభాగానికి వెళ్లి, ఒకవైపు ఇదివరకే టార్షన్ అయిందని మొట్టమొదట చెప్పండి. ఏమీ తినకుండా, తాగకుండా వెళ్లండి. బంతి తగిలే ఆటలు, ఒకరినొకరు గుద్దుకునే ఆటలు ఆడేటప్పుడు గట్టి గార్డు పెట్టుకోండి.

ప్రస్తుతానికి మీరు చేయవలసినవి మూడే: పాత ఆపరేషన్ కాగితం దొరికితే బయటికి తీయడం, ఒక అల్ట్రాసౌండ్, ఒక వీర్య పరీక్ష. కాగితంలో ఎన్ని చుట్లు మెలితిరిగిందో, ఏ దారంతో కుట్లు వేశారో రాసి ఉండవచ్చు. రిపోర్టు వచ్చాక మీ పేరు, ల్యాబ్ పేరు తీసేసి పరిమాణం, సంఖ్య, కదలిక, ఆకారం అంకెలు ఇక్కడే రాయండి. నమూనా ఎన్ని రోజుల విరామం తర్వాత ఇచ్చారో కూడా చేర్చండి, చూసి చెబుతాను.